నీలం ట్రాక్టరు మీద తొమ్మిది చుక్కలు

నోంగ్ హీన్ ఊళ్ళో బున్‌థోమ్ వేసిన రంగంటే దానికో విలువుంది. పధ్నాలుగేళ్ళు కొరాత్ పట్నంలో కార్ల షెడ్డుల్లో పనిచేసి వచ్చిన మనిషి. పాత మోటారు సైకిలు అతనికిస్తే, తిరిగి తీసుకోవడానికి వచ్చిన యజమాని తన బండిని తానే గుర్తుపట్టలేక పక్కదాని మీద చెయ్యి వేస్తాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట మొదట పుట్టించింది బున్‌థోమే అయినా, అందులో అబద్ధం లేదు. తడి రంగు మీద ఈగ వాలి లేచిపోతే దాని కాలి గుర్తు కూడా అతనికి కనిపిస్తుంది. అంత చూపున్నవాడికి చూడాల్సిందొక్కటీ కనిపించకపోవడం వల్లే ఇంత కథ నడిచింది.

ఆ పని అతను అడిగి మరీ నెత్తినేసుకున్నదే. ఊరి బౌద్ధ విహారంలో అరవై ఏళ్ళపాటు ఉన్న ముసలి భిక్షువు, అందరూ లువాంగ్ పూ, అంటే తాతగారు, అని పిలుచుకునే పెద్దాయన, పోయిన వానాకాలంలో తొంభై ఒకటో ఏట కాలం చేశారు. అంతటివారికి మర్నాడే నిప్పు పెట్టరు. ఏడు నెలలు పేటికను మండపంలో ఉంచారు. కోతలై పొలాలు ఎండాక, ఊరి వెనక మళ్ళలో చితి కట్టి, పేటికను అలంకరించిన బండి మీద అక్కడికి తీసుకెళ్ళాలని నిర్ణయించారు. తాళ్ళు పట్టి లాగడానికి ఊరంతా ఉంది గానీ, గట్లు దాటించాలంటే ముందు ఒక ట్రాక్టరు ఉండాలి. ఊళ్ళో కొత్త ట్రాక్టర్లు నాలుగున్నాయి. వాటినెవరూ అడగలేదు. అందరికీ గుర్తొచ్చింది, ఊరంతా అమ్మమ్మ అని పిలిచే కేసోన్ పాకలో ఉన్న ముసలి నీలం ట్రాక్టరే.

ఎందుకంటే దాని బానెట్ మీద లువాంగ్ పూ స్వహస్తంతో పెట్టిన గుర్తుంది. ఇరవయ్యారేళ్ళ కిందట కేసోన్, ఆమె మొగుడు సీథోన్ ఆ ట్రాక్టరును కొని తెచ్చిన రోజున, లువాంగ్ పూ తెల్లపొడి తడిపి, మధ్యవేలితో చుక్కలు పెట్టి, పైన బంగారు రేకు అద్ది దీవించారు. వాన కడిగేస్తుందని సీథోన్ ఆ సాయంత్రమే దాని మీద వార్నిష్ పూశాడు. ఆయన దీవించిన మిగతా బండ్లన్నీ ఎప్పుడో తుక్కులోకి పోయాయి. సీథోన్ కూడా పోయి పదకొండేళ్ళయింది. ఊళ్ళో లువాంగ్ పూ వేలిముద్ర మిగిలింది ఆ ఒక్క ట్రాక్టరు మీదే. దానికేమో తుప్పు ఎంత పట్టిందంటే, నీలం రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఊరి పెద్ద పెట్టిన మీటింగులో బున్‌థోమ్ లేచి నిలబడి, ట్రాక్టరును కొత్త పెళ్ళికూతుర్ని చేసే పూచీ తనదన్నాడు. ఎవరైనా డబ్బు మాటెత్తితే తన గడప తొక్కొద్దన్నాడు. ఆ పుణ్యం తనకు కావాలన్న మాట నిజమే. ఆ మాట వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడాలని గొంతు పెంచిన మాటా నిజమే.

ఊరేగింపుకు తొమ్మిది రోజులుందనగా ట్రాక్టరు అతని షెడ్డుకొచ్చింది. పనిముట్టు తాకించే ముందు బున్‌థోమ్ అగరొత్తులు వెలిగించి, బండిలో కొలువుండే అమ్మవారికి దండం పెట్టి అనుమతి అడిగాడు. ఆమె పేరన బండి ముక్కుకు కట్టి ఉన్న రంగు గుడ్డల్ని విప్పి, మడతపెట్టి, ఎత్తైన అరలో పెట్టాడు. కేసోన్ అమ్మమ్మ ఒక్క మాటే చెప్పింది.

"ఆ గుర్తొక్కటీ చూసుకో నాయనా. మిగతాదంతా నీ ఇష్టం."

"అమ్మమ్మా, నువ్వు చెప్పాలా దానికి?" అన్నాడు బున్‌థోమ్. ఆమె చూస్తుండగానే గుర్తు మీద దళసరి కాగితం పరిచి, చుట్టూ టేపు అంటించాడు. అంటించేటప్పుడు దాన్ని సరిగా చూశాడా అంటే, లేదు. మసి, దుమ్ము, పసుపు తిరిగిన వార్నిష్, కిందేవో తెల్లటి చుక్కలు. అతనికి కనిపించింది గుర్తు కాదు, గుర్తు అంచునున్న తుప్పు.

రెండు రోజులు గీకాడు. మడ్‌గార్డులు, చక్రాల గిన్నెలు, సీటు కింది రేకు, అన్నీ మెరిసే ఇనుమయ్యేదాకా తెచ్చాడు. గుంటల్లో లప్పం పెట్టి ఎమిరీ కాగితంతో రుద్దాడు. మూడో రోజు మధ్యాహ్నం బానెట్ దగ్గరికొచ్చేసరికి, టేపు కింది నుంచి తుప్పు పాకడం కనపడింది. అలాగే వదిలేస్తే అక్కడ రంగు నెలలోపు పొక్కి లేస్తుంది. ఊరంతా చూసే చోట, బానెట్ నడినెత్తిన పొక్కు! అతని ప్రాణం ఒప్పుకోలేదు. టేపు అంచు కొంచెం ఎత్తి, వేలెడంత మేర గ్రైండర్ తాకిస్తే సరిపోతుందనుకున్నాడు. తాకించాడు. చక్రం తుప్పు పొరలో చిక్కుకుని చేతిలోంచి ఎగిరి, కాగితాన్ని చించుకుంటూ బానెట్ మీద ఒక్క చుట్టు తిరిగింది.

ఊపిరి తీసేంత సేపు కూడా పట్టలేదు. చూస్తే అరచేతి మేర ఇనుము తళతళలాడుతోంది. బంగారు రేకు తునక ఒకటి అతని మణికట్టు వెంట్రుకలకు అంటుకుని ఉంది.

గ్రైండర్ ఆపి, ఆ ఎండలో అలాగే నేల మీద కూలబడ్డాడు. చేతులు జోడించబోయి, ఎవరికి జోడించాలో తెలియక దించేశాడు. గుర్తు పెట్టినాయన పేటికలో ఉన్నారు. మళ్ళీ పెట్టేవాళ్ళెవరూ లేరు.

వెంటనే లేచి అమ్మమ్మ ఇంటికి బయల్దేరాడు. ఆ మాత్రం మంచితనం అతనికుందని చెప్పుకోవాలి. ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తి, ఎండన పడి వచ్చావేం అంది. తర్వాత, గుర్తు బాగా కప్పి ఉంచావు కదా అని మామూలుగా అడిగింది. అతను నోరు తెరిచింది జరిగింది చెప్పడానికే. వచ్చిన మాట వేరు.

"ఉంది అమ్మమ్మా."

ఆ మాట అన్నాక ఇక అక్కడ నిలబడలేకపోయాడు. ప్రైమర్ డబ్బా కోసం వచ్చాననీ, పట్నం వెళ్ళాలనీ ఏదో గొణిగి వెనక్కి తిరిగాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ కాళ్ళు షెడ్డు వైపే తిరిగాయి. ఊళ్ళో తన పేరు ఏమైపోతుందోనన్న భయం ఒక పక్క, ఆమె ముఖం ఎలా మారిపోతుందోనన్న భయం ఒక పక్క. రెంటిలో మొదటిదే పెద్దదని అతనికి తెలుసు. తెలిసినందుకే మరీ సిగ్గేసింది.

నాలుగో రోజు ట్రాక్టరుకు నీలం రంగు పట్టించాడు. స్ప్రే గన్ పట్టుకుంటే అతని చెయ్యి ఎప్పటిలాగే నిలకడగా ఆడింది. గుర్తు పోయిన చోట మాత్రం ప్రైమర్ మీద వేరే నీలం వేశాడు. దీపపు మసి కలిపిన నీలం, వెలిసి మాసిపోయిన పాత నీలం. భోజనాల వేళ, వీధిలో ఎవరూ లేనప్పుడు, తెల్లపొడి తడిపి, తన కుడిచేతి మధ్యవేలితో చుక్కలు పెట్టాడు. ఐదు, వాటిమీద మూడు, పైన ఒకటి, దీవించిన బండ్లన్నిటి మీదా చిన్నప్పట్నుంచి చూసిన లెక్కే. వెరసి తొమ్మిది. బంగారు రేకు కొని తెచ్చి అద్ది, గోటితో అక్కడక్కడా గీకాడు. ఉడికించిన టీ నీళ్ళు దూదితో తాకించి, పైన వార్నిష్ పూశాడు. పాతకాలపు కార్లకు పాత మెరుపు తేవడం కొరాత్‌లో నేర్చుకున్న విద్య. ఇలా పనికొస్తుందని అప్పుడనుకోలేదు. పని చక్కగా కుదిరింది. అంత చక్కగా కుదిరినందుకు తన చెయ్యి మీద తనకే అసహ్యం పుట్టింది.

ఐదో రోజు పొద్దున్నే కేసోన్ అమ్మమ్మ వచ్చింది. వెదురు బుట్టలో జిగురన్నం, కాల్చిన చేప, మిరపకాయ పచ్చడి అతనికోసం తెచ్చింది. మల్లెల దండ ట్రాక్టరు కోసం తెచ్చింది. బానెట్ దగ్గరికెళ్ళి, ముఖం ఆనించినంత దగ్గరగా గుర్తును చూసింది. చాలాసేపు చూసింది. బున్‌థోమ్ పక్కన నిలబడ్డాడు. ఆమె ముక్కాలి పీట లాక్కుని ట్రాక్టరు ముందు కూర్చుని, చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి, అన్నం చల్లారకముందే తినమని చెప్పి వెళ్ళిపోయింది.

తినకపోతే బుట్ట తిరిగిచ్చేటప్పుడు ఆమె అడుగుతుందని, ఆ అన్నాన్ని నీళ్ళు తాగుతూ దిగమింగాడు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అదే పీట, అదే దండం. వెళ్ళేటప్పుడు ఒక్కోసారి అతని ముఖంలోకి చూసి, ఒంట్లో బాగుందా, ఏమన్నా చెప్పాలా అని అడిగేది. ఏమీ లేదనేవాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి తన వేలి ముద్దరకు చేతులెత్తి మొక్కుతుంటే, బున్‌థోమ్ రంగు డబ్బాల వెనక్కెళ్ళి, తోమిన బ్రష్షులనే మళ్ళీ తోముతూ నిలబడేవాడు.

ఈలోగా ట్రాక్టరు సంగతి పొరుగూళ్ళకు కూడా పాకింది. తుప్పంతా పోయి ఆకాశంలా మెరిసిపోతోందనీ, గుర్తుకు మాత్రం వెంట్రుకంత కూడా హాని జరగలేదనీ చెప్పుకుంటూ జనం చూడ్డానికొచ్చారు. బున్‌థోమ్ పెళ్ళాం తన అక్కకు ఫోన్ చేసి, మా ఆయనది మామూలు చెయ్యి కాదంటూ అరగంట చెప్పింది. కోళ్ళ ప్రయున్ అయితే లాటరీ నంబరు కోసం వచ్చాడు. గుర్తు ముందు గొంతుక్కూర్చుని, వేలు చూపిస్తూ చుక్కలు లెక్కపెట్టాడు.

"తొమ్మిది. వరసలేమో ఐదు, మూడు, ఒకటి. ఐదు వందల ముప్ఫై ఒకటి కొంటున్నా. తగిలితే నీకో పుంజు, మేస్త్రీ."

"వెళ్ళవయ్యా బాబూ," అన్నాడు బున్‌థోమ్. ప్రయున్ నవ్వాడు. పుణ్యం చేసి గర్వం తలకెక్కని మనిషి ఈ ఊళ్ళో ఇతనొక్కడేనని చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఊరి పెద్దతో కలిసి ఆజాన్ వీరా వచ్చారు. లువాంగ్ పూ దగ్గర పదేళ్ళప్పుడు చేరి, ఆయన చేతుల్లో పెరిగి, ఇప్పుడు విహారానికి పెద్ద అయిన భిక్షువు ఆయన. బండి కొక్కెం ట్రాక్టరుకు సరిపోతుందా లేదా చూడ్డానికి వచ్చారు. కొక్కెం చూశారు, బాగుందన్నారు, వెళ్ళబోతూ బానెట్ దగ్గర ఆగిపోయారు. తన గురువు వేలిముద్ర అనుకుని చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాషాయం కట్టాక కన్నతల్లికైనా చేతులు జోడించని మనిషి, అక్కడ నిలబడి రెండు చేతులూ జోడించి తల వంచారు.

బున్‌థోమ్ వెనక్కి జరిగి గోడ పట్టుకున్నాడు. మధ్యవేలి గోటి సందులో నీలం రంగు ఇంకా పోలేదు. ఆ చేతిని వీపు వెనక దాచుకున్నాడు. భిక్షువు చేత గృహస్థుకు దండం పెట్టించిన పాపం ఎన్ని జన్మలకు తీరుతుందో అతనికి తెలియదు. ఆ క్షణంలో అతన్ని కాల్చింది పాపం కూడా కాదు, సిగ్గు. ఊరి పెద్ద అతని భుజం తట్టి, నీ జన్మ ధన్యమైందయ్యా అన్నాడు.

మర్నాడు అమ్మమ్మ వచ్చినప్పుడు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. ఆమె వచ్చింది, కూర్చుంది, మొక్కింది, అతని ముఖంలోకి చూసింది. అతను నిన్నటి ఖాళీ బుట్ట ఆమె చేతికిచ్చాడు. ఆమె బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. రేపు పొద్దున్నే ఊరేగింపు.

ఊరేగింపు రోజున ట్రాక్టరును విహారానికి నడపాల్సింది అతనే. ఇంజను వేసి, వేడెక్కనిస్తూ నిలబడ్డాడు. అమ్మమ్మ తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. ఈసారి బుట్ట లేదు, దండ ఒక్కటే ఉంది. పీట కోసం చూసింది. ఆమె పీట లాక్కోకముందే బున్‌థోమ్ దాన్ని కాలితో అవతలికి నెట్టాడు. అంత మోటుగా నెట్టాలని కాదు, ఆమె ఇంకొక్కసారి కూర్చుంటే చూడలేడు.

"మొక్కొద్దు అమ్మమ్మా. అది లువాంగ్ పూ పెట్టింది కాదు. నేను పెట్టింది. గ్రైండర్ తగిలి అసలుది పోయింది. ఆ రోజే చెబుదామని వచ్చి, ఉందని అబద్ధం చెప్పాను."

అంతా ఒక్క ఊపిరిలో అనేసి తల దించుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె అదురుతున్న బానెట్ మీద చెయ్యి వేసింది.

"తెలుసు."

అతను తలెత్తాడు.

"ఆ రోజు మా బండికి బ్యాటరీ లేదు. ఆపితే మళ్ళీ ఎవరు తోస్తారని మా ఆయన ఇంజను ఆపలేదు. లువాంగ్ పూ నవ్వుతూనే పెట్టారు. బానెట్ రేకు వణికిపోతుంటే ఒక్క చుక్కా సరిగ్గా పడలేదు. కింద వరసలో రెండు కలిసిపోయి ఒకటయ్యాయి. నువ్వు పెట్టినవి ముగ్గు చుక్కల్లా ఉన్నాయి. నాకు చూడగానే తెలిసింది."

"తెలిసి... మరి రోజూ వచ్చి మొక్కావేం?"

"దానికా మొక్కింది?" అంది అమ్మమ్మ. "నీ చేత నోరు తెరిపించమని లువాంగ్ పూకి మొక్కాను. నువ్వు చెప్తావేమోనని ఐదు రోజులు వచ్చా. రోజూ అడిగా. మోకాళ్ళు పట్టేశాయి నాకు."

బున్‌థోమ్‌కు ఆ ఐదు పొద్దులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నం బుట్ట, ముఖంలోకి చూసిన చూపు, ఒంట్లో బాగుందా అన్న మాట. డబ్బాల వెనక దాక్కున్నప్పుడు ఆమె తన కోసమే కూర్చుందని తెలిసేసరికి, గ్రైండర్ తగిలిన రోజు కూడా ఇంత సిగ్గు పడలేదనిపించింది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తల నేలకానించాడు. ఆమె లెమ్మంది. తుడిచేయనా అని అడిగాడు.

"ఇక్కడ తుడిచి ఏం లాభం? మొక్కినవాళ్ళందరూ అక్కడున్నారు."

విహారం ముందు ఊరంతా తెల్లబట్టల్లో నిలబడి ఉంది. తాళ్ళు పరిచి ఉన్నాయి. పేటిక బండి మీదకి ఎక్కింది. ట్రాక్టరు రాగానే జనం దారిచ్చి, బానెట్ వైపు చేతులు జోడించారు. బున్‌థోమ్ దిగాడు. ఇంజను ఆపబోతే, ఉండనీ అంది అమ్మమ్మ. అతను ఆజాన్ వీరా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, షెడ్డులో చెప్పినదే మళ్ళీ చెప్పాడు. ఇంజను చప్పుడు మీద వినపడాలని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆనాడు మీటింగులో గొంతు పెంచినట్టే ఈసారీ పెంచాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినపడింది.

ఎవరూ తిట్టలేదు. అదే భరించలేకపోయాడు. అతని పెళ్ళాం భుజం మీది కండువా ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఊరి పెద్ద నేలకేసి చూశాడు. ప్రయున్ ఒక్కడే, పక్కవాడితో చెప్పుకున్నట్టుగా, "నేను కొన్నది మేస్త్రీ వేలి నంబరన్నమాట," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే ఆపేశారు.

ఆజాన్ వీరా చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత, "తుడువు," అన్నారు.

బున్‌థోమ్ గుడ్డకు థిన్నర్ పోసి తుడిచాడు. రేకు వణుకుతోంది, దాని మీద అతని చెయ్యీ వణికింది. చుక్కలతో పాటు మసి నీలం పోయింది, చుట్టూ కొత్త నీలం కూడా కొంత లేచిపోయింది. అడుగున ప్రైమర్ ఇటుక రంగులో బయటపడింది. అతను జన్మలో వేసిన అన్ని రంగుల్లోకీ చక్కటి రంగు మధ్య, అంచులు చెదిరిన మచ్చ ఒకటి మిగిలింది. ఆజాన్ వీరా పెట్టే కొత్త గుర్తు అక్కడ పెట్టించుకుందామా అని ఊరి పెద్ద నెమ్మదిగా అడిగితే, వద్దు, ఇలాగే వెళ్దాం అంది కేసోన్ అమ్మమ్మ. తెచ్చిన మల్లెదండను హెడ్‌లైట్ల మధ్య వేసింది. ట్రాక్టరు కదిలింది.

గట్లు దాటుతున్నంతసేపూ బున్‌థోమ్ కళ్ళ ముందు ఆ మచ్చే ఉంది. నడిపేవాడి ఎదురుగానే కదా బానెట్. చితి దగ్గర అందరూ చందనపు చెక్కతో చేసిన పూలు ఉంచి, తెలిసీ తెలియక చేసిన తప్పులకు లువాంగ్ పూని మన్నింపు కోరారు. బున్‌థోమ్ వంతు వచ్చేసరికి, తెలియక అన్న మాట అతని నోటికి రాలేదు.

ఇప్పటికీ దుక్కుల కాలం వస్తే ఆ ట్రాక్టరు అతని షెడ్డు ముందు నుంచే పోతుంది. మచ్చ అలాగే ఉంది. పది నిమిషాల పని. సరిచేస్తానని రెండుసార్లు అడిగాడు, అమ్మమ్మ చూద్దాంలే అంది. మూడోసారి అడగలేదు. పోయిన వానలకు మచ్చ అంచున తుప్పు మళ్ళీ మొదలైంది. అది అందరికంటే ముందు అతనికే కనిపించింది.